పార్టికిల్ బోర్డుపై చెక్కపొర: పనివాని ఊపిరి, ఇంటివారి గాలి

క్రొత్త ఇంటిలోని గోడబీరువా తలుపు చూచుటకు టేకు కర్రవలె నుండును. చారలు, రంగు, నునుపు అన్నియు టేకువే. కాని కీలు బిగించుటకు తొలిచిన గుంటలోనికి చూచినచో కర్ర కనబడదు. చిన్న చెక్కపేళ్లను, రంపపుపొట్టును జిగురుతో కలిపి, వేడిచేసి, వత్తి తయారుచేసిన పలక కనబడును. దీనినే పార్టికిల్ బోర్డు అందురు. పైన నున్న టేకు ఇంచుమించు అర మిల్లీమీటరు మందముగల పొర మాత్రమే. వర్తకులు, వడ్రంగులు దానిని వెనీరు అని పిలుతురు.

చెక్కపొరను అతికించు విద్య క్రొత్తది కాదు. ప్రాచీన ఈజిప్టు రాజుల సమాధులలో దొరికిన పెట్టెలకును, ఆసనములకును అరుదైన కర్రల పొరలు అతికింపబడి యున్నవి. మంచి కర్ర ప్రియమైనది కాబట్టి దానిని పొదుపుగా వాడుటయే ఈ విద్యకు మూలము. అంగుళము మందముగల ఒక్క పలకకు పట్టు టేకును పొరలుగా కోసినచో నలుబదికి పైగా పొరలు వచ్చును. అడవులు తరిగిపోవుచున్న కాలమున ఇది మెచ్చుకొనదగిన పొదుపే. క్రొత్తగా వచ్చినది అడుగున నున్న పలక. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనీలో కర్ర కొరత ఏర్పడినప్పుడు, వృథాగా పోవు పేళ్లను, పొట్టును పలకలుగా చేయు పరిశ్రమ బయలుదేరెను. తరువాత అది దేశదేశములకు వ్యాపించెను. భారతదేశమున ఇట్టి పలకలు యూకలిప్టసు, పోప్లరు వంటి కర్రలతోను, చెరకుపిప్పితోను తయారగుచున్నవి.

బీరువా పూర్తియైన తరువాత దానిని కంటితో చూచి మెచ్చుకొందురు. అది తయారగునప్పుడు గాలిలో కలిసిన వానిని ఎవరును చూడరు. అవి ముఖ్యముగా మూడు: పలక నుండి వెలువడు ఫార్మాల్డిహైడు అను వాయువు, కొన్ని జిగురుల నుండి లేచు ఆవిరి, కోయునప్పుడును రుద్దునప్పుడును లేచు కర్రదుమ్ము. మొదటిది ఆ ఇంటిలో కాపురముండు వారికి కూడ సంబంధించినది. తక్కిన రెండును విశేషముగా వడ్రంగికి సంబంధించినవి. పనికి మేలైన పద్ధతియే ఒడలికిని మేలగుట ఈ వృత్తిలో పలుమార్లు కనబడును. అందుచేత ఆరోగ్యమును గూర్చి చెప్పవలెనన్నచో పనిని గూర్చియే మొదలు పెట్టవలెను.

పలకలో నున్న వాయువు

పార్టికిల్ బోర్డులోని పేళ్లను పట్టియుంచు జిగురు సాధారణముగా యూరియా ఫార్మాల్డిహైడు. ఇది చవుక, త్వరగా గట్టిపడును, రంగు లేనిది. దీని లోపమొక్కటి: తేమయు, వేడియు తగిలినప్పుడు ఇది కొంచెము కొంచెముగా విడిపోయి ఫార్మాల్డిహైడు వాయువును వదలును. పలక క్రొత్తదిగా నున్న వారములలోను, నెలలలోను ఈ వాయువు ఎక్కువగా వెలువడును, తరువాత తగ్గును, కాని పూర్తిగా ఆగిపోవుటకు సంవత్సరములు పట్టును. విశాఖపట్నము, మచిలీపట్నము వంటి సముద్రతీర పట్టణములలో వేసవి వేడియు, గాలిలోని తేమయు కలిసియుండును. అట్టి చోట పొడి చల్లని ప్రదేశములందు కంటె అదే పలక ఎక్కువ వాయువును వదలును.

ఈ వాయువు కన్నులను, ముక్కును, గొంతును మండించును. కన్నీరు కారుట, తుమ్ములు, పొడిదగ్గు, తలనొప్పి దీని తొలి గుర్తులు. ఉబ్బసము గలవారికి ఆయాసము హెచ్చును. ఫార్మాల్డిహైడు మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించెను. దీర్ఘకాలము అధిక ప్రమాణములో పీల్చిన కార్మికులలో ముక్కు వెనుక భాగమున వచ్చు క్యాన్సరు ఈ నిర్ణయమునకు ముఖ్యాధారము. ఇంటిగాలిలో ఏ అరగంటలోనైనను దీని సగటు ఘనమీటరునకు 0.1 మిల్లీగ్రామును మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ప్రకటించిన సూచనలలో కలదు.

ముక్కునకు వాసన తెలియుచునే యుండును గదా, ప్రమాదము దానంతట అదియే తెలిసిపోదా యని అడుగవచ్చును. తెలియదు. ఘాటైన వాసన గల గదిలో కొంతసేపున్న తరువాత ముక్కు దానికి అలవాటు పడిపోవును. బయటినుండి క్రొత్తగా వచ్చినవాడు తలుపు తెరచిన వెంటనే మొగము చిట్లించును. లోపల నున్న వడ్రంగి వాసన యేమియు లేదనును. ఇద్దరిలో మొదటివాని మాటయే నమ్మదగినది.

ఈ విషయము పెద్దయెత్తున బయటపడినది అమెరికాలో. 2005 ఆగస్టులో కత్రీనా అను తుపాను ఆ దేశపు దక్షిణ తీరమును ధ్వంసము చేసినప్పుడు, ఇండ్లు కోల్పోయిన వారికి ప్రభుత్వము చక్రములపై నిలిపిన తాత్కాలిక గృహములను ఇచ్చెను. చిన్న ఇండ్లు, తక్కువ గాలి, లోపల చాలవరకు జిగురుతో వత్తిన పలకలు. కాపురమున్న వారు కన్నుల మంటయు, దగ్గును గూర్చి మొరపెట్టుకొనిరి. 2007 డిసెంబరు, 2008 జనవరి నెలలలో ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రమువారు 519 గృహములలోని గాలిని పరీక్షించిరి. నూరు కోట్ల భాగముల గాలిలో సగటున 77 భాగములు ఫార్మాల్డిహైడు ఉన్నట్లు తేలెను. ఇది పైన చెప్పిన పరిమితికి ఇంచుమించు సమానము. కాని సగటు మాత్రమే. ఒక గృహములో అది 590 భాగములు. పైగా ఆ పరీక్ష శీతకాలమున జరిగినది. వేసవిలో ఇంతకంటె హెచ్చుగా నుండునని పరీక్షించినవారే తెలిపిరి.

వెనుక వైపు, అంచులు

పలకపై చెక్కపొర అతికించి, దానిపై పాలిషు పట్టించినచో వాయువు వెలువడు దారి చాలవరకు మూసికొనిపోవును. కాని పలకకు ముఖమొక్కటియే కాదు, వెనుక వైపు కలదు, నాలుగు అంచులు కలవు. గోడవైపు తిరిగియుండు భాగము ఎవరికిని కనబడదు గనుక దానికి పొర దండుగ యని విడిచిపెట్టుట పరిపాటి. ఇది రెండు విధముల పొరపాటు.

మొదటిది పనికి సంబంధించినది. కర్ర తేమను పీల్చి ఉబ్బును, ఆరి కుంచించుకొనిపోవును. జిగురు ఆరునప్పుడు పొర కుంచించుకొని పలకను తనవైపు లాగును. రెండవవైపున దానికి ఎదురులాగు పొర లేనిచో పలక విల్లువలె వంగును. వర్షాకాలమున మూసికొనని తలుపులు, మూలలు పైకి లేచిన బల్లలు చాలవరకు ఇట్టివే. ఒక ముఖమునకు చేసినదే రెండవ ముఖమునకును చేయవలెనని నేర్పరియైన ప్రతి వడ్రంగికిని తెలియును. వెనుక వైపునకు ఖరీదైన టేకు పొర అవసరము లేదు. ఇంచుమించు అంతే మందముగల చవుక పొర చాలును.

రెండవది ఆరోగ్యమునకు సంబంధించినది. పొర లేని వెనుక వైపు నుండియు, అంతకంటె ఎక్కువగా కోసిన అంచుల నుండియు వాయువు యథేచ్ఛగా వెలువడును. పలక పైపొరలలో సన్నని పొట్టు గట్టిగా వత్తబడి యుండును. నడుమ పెద్ద పేళ్లు, వాని మధ్య ఖాళీలు ఉండును. రంపముతో కోసినప్పుడు ఈ నడిమి భాగము బయలుపడును. కావున అంచు పలుచనిదైనను, దాని నుండి వచ్చు వాయువు తక్కువది కాదు. చెమ్మగిల్లిన గోడకు ఆనించి నిలిపిన బీరువా వెనుకభాగము ఎల్లప్పుడును తేమను పీల్చుచుండును. తేమయే జిగురును విడగొట్టునది.

అందుచేత అన్ని అంచులకును పట్టీ అతికించవలెను. క్రింది అంచు నేలను తాకుచున్నదని వదలరాదు. ఇల్లు కడిగిన నీరు మొదట తగులునది అక్కడనే. కీలులకు, బీగములకు తొలిచిన గుంటలలో సామాను బిగించుటకు ముందు కుంచెతో వార్నీషు పూయవలెను. సామాను చేయించుకొను గృహస్థు తలుపు ముందు వైపును చూచి ఊరకొనక, గోడకు చేర్చకముందే వెనుక వైపును చూడవలెను. పలక కొనునప్పుడే తక్కువ వాయువును వదలు రకమును అడుగుట ఇంకను మంచిది. అట్టి వానిపై ఇ-1 అను గుర్తు వేయుదురు. నూరు గ్రాముల పొడి పలకలో విడివడగల ఫార్మాల్డిహైడు 8 మిల్లీగ్రాములకు మించలేదని దాని భావము. భారత ప్రమాణముల సంస్థ పార్టికిల్ బోర్డులకు ఐ.ఎస్. 3087 అను ప్రమాణమును ఏర్పరచినది. గుర్తు ఏదియు లేని పలకను ధర తక్కువని కొనినచో, అందులో ఏ జిగురు ఎంత కలదో అమ్మినవానికిని తెలియదు.

క్రొత్త సామాను అమర్చిన గదిలో పసిపిల్లలను వెంటనే పరుండబెట్టరాదు. కొన్ని వారములు పగటివేళ కిటికీలు, బీరువా తలుపులు, సొరుగులు తెరచియుంచవలెను. గది చల్లబడవలెనని తలుపులన్నియు మూసి ఏర్ కండిషనరు నడపుట ఆ దినములలో మంచిది కాదు. సాధారణమైన యంత్రము గదిలోని గాలినే త్రిప్పుచుండును గాని బయటి గాలిని తేదు.

ఏ జిగురు వాడవలెను

పొర అతికించుటకు నేడు మూడు విధముల జిగురులు వాడుకలో నున్నవి. కర్మాగారములలో యూరియా ఫార్మాల్డిహైడునే పూసి వేడి ప్రెస్సులో వత్తుదురు. ప్రెస్సు తెరచినప్పుడు ఒక్కుమ్మడిగా ఆవిరి లేచును. దానిపైన గాలిని లాగివేయు గొట్టము లేనిచో అక్కడ నిలబడిన వాని కన్నులు మండక తప్పదు. చిన్న దుకాణములలోను, ఇండ్లయొద్దను వాడునవి తక్కిన రెండు: నీటితో కలిసిన తెల్లని జిగురు, పసుపురంగు రబ్బరు జిగురు.

రబ్బరు జిగురుపై వడ్రంగులకు మక్కువ ఎక్కువ. దీనిని పలకకు, పొరకు రెంటికిని పూసి, కొంతసేపు ఆరనిచ్చి, ఒకదానిపై నొకటి పెట్టి రుద్దినచో తత్క్షణమే పట్టుకొనును. బరువులు, బిగింపులు అక్కరలేదు. అయితే ఆరుట యనగా నేమి? డబ్బాలోని జిగురులో సగమునకు మించిన భాగము రబ్బరును కరగించియుంచు ద్రావణి. హెక్సేను, టోలీను వంటి ద్రవములు ఇందుకు వాడబడును. ఆరుట యనగా ఆ ద్రవమంతయు ఆవిరియై గదిగాలిలో కలియుట. ఒక లీటరు జిగురు పూసి కూర్చుండుట అర లీటరు ద్రావణిని గాలిలో పోసి కూర్చుండుటయే.

దీని తక్షణ ఫలితము తలత్రిప్పుట, మత్తు, వికారము. పనివారు దీనిని అలసట అనుకొందురు. దీర్ఘకాలపు ఫలితము 1960 తరువాతి దశాబ్దమున జపానులో స్పష్టమైనది. ఇండ్లలో కూర్చుండి వినైలు చెప్పులు అతికించుచుండిన వారి కాళ్లు చేతులు చచ్చుబడుచున్నట్లు వైద్యులు గమనించిరి. 1969లో ప్రకటించిన పరిశీలనలో అట్టివారు 93 మంది ఉన్నట్లు చూపబడినది. కారణము జిగురులోని హెక్సేను. శరీరము దీనిని హెక్సేన్‌డయోను అను మరియొక పదార్థముగా మార్చును. అది నరములను చెరచును. పొడుగైన నరములు ముందుగా చెడును గనుక తిమ్మిరి కాలివ్రేళ్లలోను, తరువాత చేతివ్రేళ్లలోను మొదలగును. రెండు కాళ్లకును సమానముగా వచ్చుట దీని లక్షణము. తరువాత చెప్పు కాలినుండి జారినను తెలియకపోవును, మెట్లెక్కునప్పుడు పాదము తట్టుకొనును. జిగురు పని మానిన వెంటనే వ్యాధి ఆగదు. మరికొన్ని నెలలు ముదురుచునే యుండి, పిమ్మట మెల్లగా తగ్గును. తొలి తిమ్మిరిని చులకన చేయరాదనుటకు ఇదియే హేతువు.

ఆరోగ్యమునకే గాక ఇది ప్రాణమునకును అపాయకరము. ఈ ఆవిరి గాలికంటె ఇంచుమించు మూడు రెట్లు బరువైనది. అది పైకి పోక నేలపై నీటివలె ప్రాకును. ప్రక్కగదిలో టీ కాచుకొను పొయ్యివరకు ప్రాకి అక్కడ అంటుకొని, వచ్చిన దారిననే మంటగా తిరిగి వచ్చును. హెక్సేను ఆవిరి సున్నకు దిగువ ఇరువది డిగ్రీల చలిలో సైతము నిప్పంటుకొనును. అట్టిచో మే నెల మధ్యాహ్నము చెప్పవలసిన పనియే లేదు. రబ్బరు జిగురు పూయు గదిలో బీడీ, పొయ్యి, ఇస్త్రీపెట్టె, నిప్పురవ్వలు లేచు యంత్రము ఏదియు ఉండరాదు. విద్యుత్తు స్విచ్చి వేయునప్పుడు లోపల లేచు చిన్న మెరుపు కూడ చాలును. చిక్కబడిన జిగురును పెట్రోలుతో పలుచన చేయు దురభ్యాసము కొన్ని చోట్ల కలదు. పెట్రోలులో బెంజీను కలదు; అది ఎముకల మూలుగను చెరచి రక్తపు క్యాన్సరు కలిగించును.

ఇంత ప్రమాదమునకు ఓర్చి వాడినను, చెక్కపొరకు ఈ జిగురు సరియైనది కాదు. రబ్బరు ఎంత ఆరినను కొంత మెత్తగానే యుండును. దానిపై పొర ఋతువు ననుసరించి కదలును. కొంతకాలమునకు చారలవెంట చీలికలు, బుడగలు బయలుదేరును. పాలిషులో కలిసియుండు థిన్నరు సన్నని పొరగుండ లోనికి దిగి జిగురును మరల కరగించును. కాగితపు లామినేటు రేకులకు తగిన జిగురును కర్రకు వాడుటచే వచ్చిన చిక్కు ఇది.

తెల్లని జిగురు ఈ రెండు దోషములును లేనిది. ఇందులోని ద్రవము ముఖ్యముగా నీరు. దీనికి బరువును, ఓపికయు కావలెను, అంతే. పలకను శుభ్రముగా తుడిచి, జిగురును రోలరుతో పలుచగా, సమముగా పలకకు మాత్రము పూయవలెను. ఎక్కువ పూసినచో ఆ నీటికి పలకలోని పేళ్లు ఉబ్బి పొరపై పొక్కులవలె కనబడును. పొరను పరచి, పైన కాగితము, దానిపై చదునైన మందపు పలక ఉంచి, అంచులనే గాక నడుమ కూడ బిగించవలెను. నడిమి భాగము బిగియనిచో అక్కడ గాలి చిక్కుకొనును. మరునాటివరకు కదల్పకుండుట మేలు. రెండు ముఖములకును ఒకేసారి పొర వేసి బిగించినచో వంపు భయముండదు.

బిగింపులు లేనివారు ఇంకొక ఉపాయము చేయుదురు. పలకకు, పొర అడుగుభాగమునకు తెల్లని జిగురు పూసి, అది పారదర్శకమై చేతికి అంటనంతవరకు ఆరనిచ్చి, పొరను పరచి పైన ఇస్త్రీపెట్టెతో నడుమ నుండి అంచులవైపు వత్తుదురు. వేడికి జిగురు మెత్తబడి, చల్లారినప్పుడు పట్టుకొనును. చిన్న పలకలకు ఇది చక్కని పద్ధతి. అయితే వేడికి పలకలోని ఫార్మాల్డిహైడు కూడ లేచును గనుక కిటికీ తెరచి, మొగమును పలకపైకి వంచక చేయవలెను.

దుమ్ము

పార్టికిల్ బోర్డును కోసినప్పుడు లేచు దుమ్ము సామాన్యమైన కర్రదుమ్ము వంటిది కాదు. రంపము పండ్లకు దీర్ఘమైన నార దొరకదు. విరిగిన పేళ్లు, గట్టిపడిన జిగురు పొడి దొరకును. ఆ పొడి మిక్కిలి సన్ననిది. పెద్ద రేణువులు నేలపై పడును. సన్ననివి గంటలకొలది గాలిలో తేలును. కంటికి కనబడు దుమ్ము కంటె కంటికి కనబడని దుమ్ము లోతుగా పోవును.

పైపొరల కర్రలలోను గుణదోషములు కలవు. టేకులోను, జిట్రేగిలోను చర్మమునకు పడని సహజ రసాయనములు ఉన్నవి. జిట్రేగిని రోజ్‌వుడ్ అని కూడ పిలుతురు. వీని దుమ్ము కొందరికి మెడపై, మోచేతుల లోపల, కనురెప్పలపై దురదను, దద్దురును కలిగించును. ఒకసారి శరీరము దానిని ఎదిరించుట మొదలిడిన తరువాత చాల కొద్ది దుమ్మైనను చాలును. ఇట్టివానిని మరియొక కర్ర పనిలో పెట్టుటకంటె వేరు మందు లేదు. మరికొందరికి ఉబ్బసము వచ్చును. రాత్రివేళ దగ్గు హెచ్చి, సెలవుదినములలో తగ్గి, మరల పనిలోనికి పోగానే తిరిగివచ్చుట దాని గుర్తు.

అన్నిటికంటె భయంకరమైనది ముక్కులోపలి క్యాన్సరు. ఇంగ్లండులోని హై వైకూమ్ పట్టణము కుర్చీల తయారీకి పేరుపొందినది. అక్కడ చెవి, ముక్కు, గొంతు వైద్యురాలైన ఎస్మే హాడ్‌ఫీల్డ్, తన యొద్దకు వచ్చు ముక్కు క్యాన్సరు రోగులలో కుర్చీల పనివారే ఎక్కువగా నుండుటను గమనించెను. సామాన్య జనులలో అది అత్యంత అరుదైన వ్యాధి. ఆమెయు, డానల్డ్ అచెసన్ మొదలగు వైద్యులును కలిసి విచారించి 1968లో ప్రకటించిన లెక్కలను బట్టి, కర్రసామాను పనివారిలో ఆ వ్యాధి ఇతరులలో కంటె వందల రెట్లు ఎక్కువ. పనిలో చేరిన తరువాత వ్యాధి బయటపడుటకు సాధారణముగా కొన్ని దశాబ్దములు పట్టును. 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కర్రదుమ్మును మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల జాబితాలో చేర్చెను. 2023 జనవరి నుండి యూరపు సమాఖ్య దేశములలో గట్టికర్రల దుమ్ము పని గాలిలో ఘనమీటరునకు 2 మిల్లీగ్రాములను మించరాదను నియమము అమలులోనికి వచ్చినది.

ఇక్కడను పని నేర్పు తోడ్పడును. అర మిల్లీమీటరు పొరను రుద్దు యంత్రముతో రుద్దినచో రెండు నిమిషములలో అడుగున నున్న పలక బయటపడును. చేసిన పనియంతయు చెడును. నేర్పరి పదునైన ఉక్కురేకుతో సన్నని తెరలుగా గీకి, చివరకు మెత్తని ఉప్పుకాగితముతో చేతితో తేలికగా రుద్దును. గీకినప్పుడు తెరలు నేలపై పడును. యంత్రపు దుమ్మువలె ముక్కునకు చేరవు. పలకను కోయుటకు మాత్రము యంత్రము తప్పదు. దానికి దుమ్మును లాగు సంచిగాని, వాక్యూమ్ యంత్రముగాని తగిలించవలెను. అదియు లేనిచో బయట, గాలివాటమును వీపునకు పెట్టుకొనక ప్రక్కకు పెట్టుకొని కోయవలెను. గాలి వెనుకనుండి వీచినచో శరీరము అడ్డమై మొగము ముందర సుడి తిరిగి, దుమ్ము అక్కడనే నిలుచును.

ముక్కునకు తువాలు చుట్టుకొనుట అలవాటు. తువాలు పెద్దరేణువులనే ఆపును. ఎఫ్.ఎఫ్.పి.-2 లేక ఎన్-95 రకపు ముసుగు సన్నదుమ్మును ఆపును. అదియు గడ్డమునకు, చెంపలకు బిగువుగా అంటియున్నప్పుడే. కాని ఆ ముసుగు జిగురు ఆవిరిని ఏమాత్రము ఆపజాలదు. ఆవిరికి బొగ్గు పొడి నింపిన డబ్బీలు గల ముసుగు కావలెను. దుమ్ముపని చేసినవారు బెల్లము తినినచో లోపలికి పోయిన దుమ్ము కడిగివేయబడునను నమ్మకము దేశమంతట కలదు. బెల్లము పోవు దారి వేరు, దుమ్ము పోవు దారి వేరు. తినినచో నష్టము లేదు, ముసుగు తీసివేసి తినినచో నష్టమే.

పనిచేసిన గదిలోనే నిదురించుట

పైన చెప్పిన నియమములన్నియు కర్మాగారమును దృష్టిలో నుంచుకొనినట్లు తోచవచ్చును. కాని భారతదేశమున ఈ పని అధిక భాగము కర్మాగారములలో జరుగదు. పొరుగు జిల్లాల నుండియు, పొరుగు రాష్ట్రముల నుండియు వచ్చిన వడ్రంగులు క్రొత్తగా కట్టిన ఇంటిలోనే పలకలు దించుకొని, అక్కడనే కోసి, అక్కడనే అతికించి, అక్కడనే వండుకొని, పలకల ప్రక్కన చాప పరచుకొని నిదురింతురు. ఎనిమిది గంటల పనికి నిర్ణయించిన ఏ పరిమితియు వీరికి వర్తింపదు. వీరు ఇరువదినాలుగు గంటలును ఆ గాలినే పీల్చుచుందురు. బరువైన ఆవిరి నేలనంటి యుండును. నిదురించువాని ముక్కు నేలకు జానెడెత్తున ఉండును. అదే గదిలో రాత్రి గ్యాసుపొయ్యి వెలిగింతురు.

ఇంటి యజమాని పనివారికి వేరొక గది చూపినచో ఈ ప్రమాదములో పెద్దభాగము తొలగిపోవును. అది ఖర్చుతో కూడిన పని కాదు. జిగురు, పాలిషు డబ్బాలు ఒక గదిలో. నిదుర, వంట మరియొక గదిలో. రెంటి నడుమ తలుపు మూసి, జిగురు గది కిటికీలు తెరచియుంచవలెను. సాయంకాలము పని ముగిసిన తరువాత పొడి చీపురుతో ఊడ్చరాదు, గాలి గొట్టముతో బట్టలపై ఊదుకొనరాదు. రెండును పడిన దుమ్మును మరల లేపును. తడిగుడ్డతో తుడువవలెను. చేతుల కంటిన జిగురును థిన్నరుతో కడుగుట వలన చర్మపు జిడ్డు పోయి పగుళ్లు పడును. కొబ్బరినూనెతో రుద్ది, సబ్బుతో కడిగిన చాలును. భోజనమునకు ముందు చేతులు, మొగము కడిగి చొక్కా మార్చుకొనవలెను. కుటుంబము ఆ ఇంటిలోనే కాపురముండగా పని జరుగుచున్నచో, గర్భిణులను, చంటిపిల్లలను, ఉబ్బసరోగులను జిగురు, పాలిషు పనులు ముగియువరకు వేరొకచోట ఉంచవలెను.

వైద్యుని యొద్ద

వడ్రంగి వైద్యుని యొద్దకు పోయినప్పుడు తిమ్మిరి యని చెప్పును, దగ్గు అని చెప్పును. తన పనిని గూర్చి చెప్పడు. వైద్యుడు అడుగడు. తిమ్మిరికి విటమిను సూదులు, దగ్గునకు పానకము ఇచ్చి పంపుట జరుగును. ఏ జిగురు వాడినది, ఎన్ని నెలల నుండి, తలుపులు మూసిన గదిలోనా అని తెలిసినచో రోగనిర్ణయము వేరుగా నుండును. వీలైనచో జిగురు డబ్బానే చూపవలెను. దాని పైకాగితముపై ద్రావణి పేరు ముద్రించి యుండవచ్చును. కంటిలో జిగురుగాని థిన్నరుగాని పడినచో వైద్యుని కొరకు ఎదురుచూడక, పదునైదు నిమిషములు మంచినీటి ధారతో కడిగి, అటుపిమ్మట పోవలెను. మత్తుగా పడిపోయిన వానిని మొదట బయటిగాలిలోనికి తీసికొనిరావలెను. తీసుకొనివచ్చువాడు ఊపిరి బిగబట్టి పోయి రావలెను గాని, అక్కడ నిలబడి లేపుటకు ప్రయత్నింపరాదు.

ముక్కు ఒక ప్రక్కనే వారముల తరబడి మూసికొనియుండుట, ఆ ప్రక్కనే నెత్తురు చీమిడి కారుట, వాసన తెలియకపోవుట, కంటి క్రింద వాపు, ఈ గుర్తులలో ఏది కనబడినను జలుబు అని సరిపెట్టుకొనక చెవి, ముక్కు, గొంతు వైద్యునిచే లోపల చూపించుకొనవలెను. ఇరువదేండ్ల క్రిందట ఉలి క్రిందపెట్టి, ఇప్పుడు కిరాణా దుకాణము నడుపుకొనుచున్న వాడైనను తాను పూర్వము వడ్రంగి నని వైద్యునికి చెప్పవలెను.